ఎదురు కుర్చీ

ఒక కొండ. కొండ మీద ఒక సెమినరీ. ఫాదర్లు కాబోయే బ్రదర్లు అందులో చదువుకునేవాళ్లు. ముందు తత్వశాస్త్రం, తర్వాత దైవశాస్త్రం, ఆ తర్వాత బిషప్‌గారు తల మీద చెయ్యి పెడితే గురుపట్టం. వరస అది.

ఆ సెమినరీ హాల్లో ఎదురెదురుగా రెండు కుర్చీలు ఉండేవి. ఒకదానికి చేతులున్నాయి, రెండోదానికి లేవు. చేతుల్లేనిదాన్ని ఎదురు కుర్చీ అనేవాళ్లు. దాని వెనక గోడకి ఒక మేకు కొట్టి ఉండేది.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఒక బ్రదరు వచ్చేవాడు. మెళ్లో జపమాల తీసి మేకుకి తగిలించి, ఎదురు కుర్చీలో కూర్చుని, విశ్వాసానికి ఎదురు మాట్లాడేవాడు. దేవుడు లేడనో, ఉన్నా మన గొడవ ఆయనకి పట్టదనో, ఆత్మ అనేది వట్టి భ్రమ అనో, ఏదో ఒకటి. మొక్కుబడిగా అంటే కుదరదు. ఎంత గట్టిగా అనగలడో అంత గట్టిగా అనాలి.

చేతుల కుర్చీలో కూర్చున్నవాడు దానికి జవాబు చెప్పాలి. అయితే జవాబుకి ముందు ఇంకో పని ఉంది. ఎదుటివాడి మాటని తన నోటితో తిరిగి చెప్పాలి. "అవును, నేనడిగింది ఇదే" అని ఎదురు కుర్చీలోవాడు తలూపాలి. ఆ తల ఊగేదాకా జవాబు మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆ తల ఊగేదాకా మేకు మీది జపమాలని ముట్టుకోవడానికీ వీల్లేదు. తల ఊపడానికి ఎప్పుడూ ఎక్కువ సేపు పట్టేది కాదనుకోండి. అది అయ్యాక జవాబు మొదలయ్యేది, వెనక బెంచీల్లో కునుకులూ మొదలయ్యేవి. శనివారం మధ్యాహ్నం, పైగా పప్పన్నం తిన్న ఒళ్లు.

ఈ సంగతి తెలిసి కొండ కింద ఊళ్లో ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు. "ఫాదర్లు కావాల్సినవాళ్లు దేవుడు లేడని వాదించుకోవడమేంటండీ, చోద్యం కాకపోతే!" అని తత్వశాస్త్రం చెప్పే ముసలి ఫాదర్‌నే నిలదీసేవాళ్లు.

ఆయన నవ్వేవారు. "రేపు వీళ్లు ఊళ్లకి పోతారమ్మా. అక్కడ ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినవాళ్ల మాట చివరిదాకా వినడం వీళ్లెక్కడ నేర్చుకోవాలి మరి?"

వాళ్లకి ఏమీ అర్థమయ్యేది కాదు. అర్థమైనట్టే దండం పెట్టి వెళ్లిపోయేవాళ్లు.

ఇలా ఉండగా కొత్త రెక్టరు వచ్చారు. రెక్టరంటే సెమినరీకంతటికీ పెద్ద. ఆయన చెడ్డ మనిషేం కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇక్కణ్ణుంచి మీకు ఆయన మీద కోపం వస్తుంది. ఆయన ఉపవాసాలు పేరుకి చేసేవి కావు. ఏ బ్రదరుకైనా ఒళ్లు వెచ్చబడితే తనే పక్కన కూర్చుని నుదుటి మీద తడిగుడ్డ వేసేవారు. కానీ ఆయన జన్మలో ఎదురు కుర్చీలో కూర్చోలేదు. చదువుకునే రోజుల్లో ఆయనది కంచులాంటి గొంతు, జవాబులన్నీ నాలుక చివరే ఉండేవి. అందుకని ప్రతిసారీ చేతుల కుర్చీలోనే కూర్చోబెట్టేవారు. కూర్చుని కూర్చుని, హాల్లో ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే అన్నట్టు తయారయ్యారు.

ఆయన మొదటిసారి చూడవచ్చిన శనివారం ఎదురు కుర్చీ వంతు పొడుగు బ్రదరుది. ద్వారబంధం దగ్గర తల వంచితే తప్ప లోపలికి పట్టడు కాబట్టి ఆ పేరు. ఫాదరు కావడం తప్ప ఆ కుర్రాడికి ఇంకో కోరిక లేదు. చిన్నప్పుడు అప్పడాన్ని గుండ్రంగా చిన్న ముక్కలు చేసి, చెల్లెళ్లని వరసలో నిలబెట్టి, గుడిలో ఫాదరు దివ్య అప్పం పెట్టినట్టు వాళ్ల నాలుక మీద పెడుతూ పూజ ఆట ఆడినవాడు. చెల్లెళ్లకి అప్పడం మీద ఆశ. వీడికి ఆ పెట్టడం మీద.

దేవుడు ప్రార్థన వింటాడా అన్నది ఆ రోజు విషయం. పొడుగు బ్రదరు జపమాల తీసి మేకుకి తగిలించి కూర్చున్నాడు.

"ఒక ఊళ్లో ఇద్దరు పిల్లలకి ఒకే జ్వరం వచ్చింది" అన్నాడు. "ఇద్దరి తల్లులూ గుడిలో ఒకే బెంచీ దగ్గర మోకరించి ఒకే జపమాల చెప్పారు. ఒక పిల్లాడు లేచాడు. రెండోవాణ్ణి పూడ్చారు. ఆదివారం పూజలో ఫాదరుగారు, దేవుడు మన ప్రార్థన విన్నాడు అన్నారు. రెండో తల్లి అదే బెంచీ మీద కూర్చుని ఉంది. ఆవిడది వినలేదా? విని ఊరుకున్నాడా? వినలేదంటే ఆయనకి చెవి లేదు. విని ఊరుకున్నాడంటే ఆయనకి మనసు లేదు. రెండూ కాదంటే ఆవిడ మొహం చూసి ఏమంటారో చెప్పండి. చెప్పలేకపోతే ఆ గుడిలో ఇంకెప్పుడూ ఆ మాట అనకండి."

కునుక్కి సిద్ధమవుతున్నవాళ్లకి ఎవరో చెంబుడు నీళ్లు మొహాన కొట్టినట్టయింది. ఇలాంటి మాట ఒక బ్రదరు నోట వస్తుందని రెక్టరుగారు కలలో కూడా అనుకోలేదు.

చేతుల కుర్చీలో ఉన్నవాడు గొంతు సవరించుకున్నాడు. "అంటే, దేవుడు పక్షపాతి అంటున్నావు."

"కాదు."

"లోకంలో బాధ ఎందుకుందని అడుగుతున్నావు."

"కాదు."

"ఆ తల్లికి విశ్వాసం చాల్లేదేమో అని..."

"ఆవిడ విశ్వాసం సంగతి నేనడిగానా!" అన్నాడు పొడుగు బ్రదరు. "నేనేం అడిగానో ముందు చెప్పు."

అంతలో గంట మోగింది.

సెమినరీలో గంట మోగిందంటే దేవుడు పిలిచినట్టే. సగం రాసిన అక్షరాన్ని సగంలోనే వదిలెయ్యాలి. నోట్లో ముద్ద ఉన్నా సరే. అందరూ లేచి వరసగా గుడికి నడిచారు. పొడుగు బ్రదరూ లేచాడు. తల ఊపలేదు కాబట్టి జపమాల ముట్టుకోలేదు. పద్ధతి పద్ధతే కదా అనుకుని, బోసి మెడతో గుడికి వెళ్లాడు.

అందరూ వెళ్లాక హాల్లో రెక్టరు ఒక్కరే మిగిలారు. గోడకి వేలాడుతున్న జపమాల చూశారు. వాదం రోజు దాటి మేకుకి ఉండిపోయిన జపమాల ఆయన ఎన్నడూ చూడలేదు. జపమాల విడిచిపెట్టి వెళ్లిపోయాడు! ఇక ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మర్నాడు పొడుగు బ్రదరుని గదికి పిలిపించారు.

"నీకు విశ్వాసం ఉందా, లేదా?"

"ఉంది ఫాదర్."

"ఉన్నవాడి జపమాల గోడకెందుకు వేలాడుతోంది?"

"వాదం అవలేదు ఫాదర్. నాకు తలూపే మాట రాలేదు."

"సరే. నీ మాట వెనక్కి తీసుకున్నానని చెప్పు. వెళ్లి జపమాల తెచ్చుకో. ఇంతటితో మర్చిపోదాం."

ఎంత తేలిక! అవునంటే ఫాదరు అవుతాడు. కానీ కుర్రాడు ఒప్పుకోలేదు. "అబద్ధంగా తలూపి జపమాల వేసుకుంటే, రేపు దాంతో ఎవరికోసం ప్రార్థించను ఫాదర్? ఎవరైనా ఒక్కసారి ఆ మాట సరిగ్గా తిరిగి చెప్పమనండి. జవాబు కూడా అక్కర్లేదు."

రెక్టరుగారికి మొండితనం తప్ప అందులో ఇంకేమీ వినిపించలేదు. "నీకు ఇంట్లోవాళ్లకి చెప్పుకోవడానికి ఒక మాట కావాలి కాబట్టి ఆరోగ్యం బాగాలేదని రాయిస్తాను" అన్నారు. అది దయే అని ఆయన నమ్మకం.

పొడుగు బ్రదరుకి ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. తనని సెమినరీలోంచి పంపేస్తున్నారు. ఆ రోజే ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని కొండ దిగాడు.

ముసలి ఫాదరు పరుగున వచ్చారు, ఆ వయసులో పరుగంటే ఎంత పరుగో అంత. "వాడు నేను నేర్పిందే చేశాడండీ!"

"నా భయం కూడా అదే ఫాదర్" అన్నారు రెక్టరు.

ఆ మీదట తత్వశాస్త్రాన్ని కత్తిరించి కత్తిరించి అరచేతిలో పట్టేంత చేశారు. శనివారం వాదం ఆగిపోయింది. దాని బదులు రెక్టరే కూర్చుని జవాబులు చెప్పేవారు, బ్రదర్లు రాసుకుని కంఠతా పట్టేవాళ్లు. ఎదురు కుర్చీని వంటవాడు పట్టుకుపోయాడు. ఉల్లిపాయలు తరగడానికి ఎత్తు సరిగ్గా సరిపోయిందట. ముసలి ఫాదరు ఆ చలికాలం దాటలేదు.

జపమాల మాత్రం మేకుకే ఉండిపోయింది. దీవించిన వస్తువు, పారెయ్యకూడదు. ఇంకొకరిది, వేసుకోకూడదు. సున్నం వేసేవాళ్లు కూడా దాని చుట్టూ వేసి వదిలేసేవాళ్లు.

ఏళ్లు గడిచాయి. కొండ మీంచి కొత్త ఫాదర్లు చకచకా దిగి ఊళ్లకి వెళ్లారు. వాళ్ల దగ్గర అన్నిటికీ జవాబులున్నాయి.

"ఫాదర్‌గారూ, మా ఆవిడ పోయిన దగ్గర్నుంచీ నాకు..." అని ఎవరైనా మొదలుపెడితే, "దేవుని చిత్తం బాబూ" అనేవారు.

"నేనింకా చెప్పలేదండి."

"చెప్పక్కర్లేదు, నాకర్థమైంది."

ఆ మనిషి సరేనండి అని వెళ్లిపోయేవాడు. మళ్లీ వచ్చేవాడు కాదు. ఎందుకు రావడం లేదో ఫాదర్లకి తెలిసేది కాదు. జవాబు సరైనదే కదా!

పొడుగు బ్రదరు, ఇప్పుడు బ్రదరు కాదనుకోండి, కొండ కింద ఊరి బళ్లో పాఠాలు చెప్పుకుంటూ బతికాడు. పెళ్లి చేసుకోలేదు. సెమినరీలో వేసుకున్న అంగీని ఇస్త్రీ మడత విప్పకుండా ట్రంకుపెట్టెలోనే ఉంచాడు. ఆదివారం కొండెక్కి సెమినరీ గుడిలో పూజకి వచ్చి వెనక బెంచీలో కూర్చునేవాడు. జపమాల చెప్పేటప్పుడు వేళ్లు మడిచి లెక్కపెట్టుకునేవాడు. "కొత్తది కొనుక్కోరాదూ మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "నాకొకటి ఉందండి, పైన" అనేవాడు. పైన అంటే పరలోకం కాబోలని జనం జాలిపడేవాళ్లు.

ఒక వానాకాలం సెమినరీలో జ్వరాలొచ్చాయి. ఇద్దరు బ్రదర్లు మంచం పట్టారు. రెక్టరు, ఆయన జుట్టు అప్పటికి తెల్లబడింది, ఆ ఇద్దరి మంచాల మధ్యే కుర్చీ వేసుకుని తడిగుడ్డలు మార్చారు. ఇద్దరి తల్లులూ వచ్చారు. రెక్టరుతో కలిసి ఒకే బెంచీ దగ్గర మోకరించి ప్రార్థించారు. ఆయన మనసారా ఏడ్చి ప్రార్థించారు, అందులో వంక పెట్టడానికి లేదు.

ఒకడు లేచాడు. రెండోవాణ్ణి సెమినరీ తోటలో పూడ్చారు.

ఆ ఆదివారం కృతజ్ఞతా పూజ. లేచినవాడు పాలిపోయిన మొహంతో ముందు వరసలో కూర్చున్నాడు. రెక్టరు పీఠం దగ్గర నిలబడి కంచు గొంతుతో అన్నారు: "దేవుడు మన ప్రార్థన..."

ఎదురుగా, లేచినవాడి తల్లి పక్కన, పోయినవాడి తల్లి కూర్చుని ఉంది. అదే బెంచీ. ఆవిడ ఏడవడం లేదు. ఆయన ఏమంటారో అని చూస్తోంది.

ఆ తర్వాతి మాట రాలేదు. ఆయన మళ్లీ మొదలుపెట్టారు. "దేవుడు మన ప్రార్థన..." గుడి నిండా జనం నివ్వెరపోయి చూస్తున్నారు. పొడుగు మాస్టారు వెనక బెంచీలోంచి లేచి నిలబడిపోయాడు. రెక్టరు ప్రసంగం విడిచిపెట్టి, పుస్తకంలో ఉన్న ప్రార్థనలు గొణిగి పూజ ముగించారు.

బయటికి వస్తుంటే ఆ తల్లి ఎదురొచ్చింది. "ఫాదర్‌గారండీ, ఇందాక ఏదో అనబోయి ఆగిపోయారు. ఏంటండి అది?"

వెటకారం కాదు. నిజంగానే అడిగింది. "రేపు చెప్తానమ్మా" అన్నారు. రేపు వచ్చింది, చెప్పలేకపోయారు. ఆవిడ ఇంటికి పోలేదు. సెమినరీ పక్కనే ఉన్న సిస్టర్ల మఠంలో ఉంటూ, కొడుకు సమాధి దగ్గర బంతి మొక్కలకి నీళ్లు పోస్తూ, ఆయన కనపడినప్పుడల్లా ఆగి చూసేది.

రెక్టరు తన దగ్గర చదివిన ఫాదర్లని పిలిపించుకున్నారు. "నాకు ఒక కష్టం వచ్చింది" అని మొదలుపెట్టారో లేదో ఒకరు జవాబు చెప్పేశారు. ఇంకొకరు ఇంకొకటి. అవన్నీ ఆయన చెప్పి రాయించినవే! కామాలతో సహా అవే. సొంత జవాబులు ఆయన సొంత చెవుల్లో పడ్డాయి. ఇన్నేళ్లూ జనం విన్నది దీన్నా? ఇలాగా వినిపించేది?

ఆయన మిట్టమధ్యాహ్నం గొడుగైనా లేకుండా కొండ దిగారు. రెక్టరుగారు బడి గుమ్మంలో నిలబడి చెమటలు తుడుచుకోవడం చూసి పిల్లలు పాఠం మర్చిపోయారు.

"ఆ ప్రశ్న నువ్వే వేశావు" అన్నారాయన. "జవాబు నువ్వే చెప్పు."

"నా దగ్గరా లేదు ఫాదర్."

రెక్టరు బిత్తరపోయారు. "లేకుండానే ఇన్నేళ్లు పూజకి వస్తున్నావా?"

"రానని నేనెప్పుడన్నానండీ? తలూపడం ఒకటే మిగిలిపోయింది నాకు. అది అయితే జపమాల తెచ్చుకుంటాను."

వచ్చిన శనివారం వంటగదిలోంచి కుర్చీ తెప్పించారు. "మరి నేను దేని మీద తరుక్కోవాలండీ?" అని వంటవాడు గొడవ పెట్టుకున్నాడు. కుర్చీ నిండా కత్తిగాట్లు, ఉల్లి వాసన. దాన్ని మేకు కింద, పాత చోటే వేశారు. జపమాల అక్కడే ఉంది. పొడుగు మాస్టారు వచ్చి కూర్చున్నాడు. రెక్టరు చేతుల కుర్చీలో కూర్చున్నారు. ఇలాంటిది ఒకటి ఉండేదని కూడా బ్రదర్లకి తెలియదు, కళ్లప్పగించి చూస్తున్నారు. వెనక బెంచీలో ఆ తల్లి కూర్చుంది.

"దేవుడు న్యాయవంతుడేనా అని అడిగావు" అన్నారు రెక్టరు.

"కాదు ఫాదర్."

"ఒకరిని లేపి ఒకరిని ఎందుకు తీసుకుపోయాడని అడిగావు."

"కాదు."

రెక్టరు వెనక బెంచీ వంక చూశారు. తర్వాత ఆయన నోట వచ్చిన గొంతులో కంచు లేదు. "లేచినవాడి తరపున నేను దేవుడికి దండం పెడుతున్నాను. పోయినవాడి తల్లి నా ఎదురుగా ఉంది. ఆవిడ వంక చూస్తే ఆ మాట నా నోట రాదు. ఆవిడ లేనట్టు అంటే, ఆ గుడిలోంచి ఆవిణ్ణి నేనే బయటికి గెంటినట్టు. ఎన్నో ఏళ్లుగా ఇలాంటివాళ్లని గెంటుతూనే ఉన్నాను. నా జవాబులో ఆవిడకి చోటు లేదు. ఆవిడకి చోటు లేని జవాబు దేవుడిదా, నాదా? ఇదేనా నువ్వడిగింది?"

పొడుగు మాస్టారు తల ఊపాడు.

ఊపి లేచాడు. గోడ వైపు తిరిగి జపమాల తీశాడు. దాని వెనక సున్నం వెయ్యని చోట గోడ మీద నల్లటి గీత మిగిలింది. దుమ్ము ఊది, ముద్దు పెట్టుకుని, మెళ్లో వేసుకున్నాడు. అంత పొడుగు మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు.

"జవాబు వినవా?" అన్నారు రెక్టరు.

"ఉందా ఫాదర్?"

"లేదు."

"అయితే వచ్చే శనివారం వింటాను."

"ట్రంకుపెట్టె పైకి తెచ్చేసుకో" అన్నారు రెక్టరు. "బిషప్‌గారితో నేను మాట్లాడతాను. తప్పు నాదని చెప్తాను."

బ్రదర్లు అంతటితో అయిపోయిందనుకుని బెంచీల మీంచి కదిలారు. రెక్టరు మాత్రం చేతుల కుర్చీలోంచి లేచి ఎదురు కుర్చీ దగ్గరికి నడిచారు. తన మెళ్లో జపమాల తీశారు. మేకుకి తగిలించారు. కత్తిగాట్ల కుర్చీలో కూర్చున్నారు.

రెక్టరుగారు! ఎదురు కుర్చీలో!

"నా వంతు" అన్నారాయన. "ఎవరొస్తారు?"

ఎదురుగా చేతుల కుర్చీ ఖాళీగా ఉంది. జవాబులన్నీ కంఠతా వచ్చిన ఒక బ్రదరు సగం లేచాడు. రెక్టరు మొహం చూసి మళ్లీ కూర్చున్నాడు. ఇంకెవరూ కదల్లేదు. ఎదుటివాడి మాట తిరిగి చెప్పడం ఎలాగో వాళ్లకి ఎవరూ నేర్పలేదు. అది నేర్పకుండా చేసిన మనిషి ఇప్పుడు వాళ్ల ఎదుట కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకున్నాడు.

వెనక బెంచీ కిర్రుమంది. పోయినవాడి తల్లి లేచింది. బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని, చేతుల కుర్చీలో కూర్చుంది. ఆ కుర్చీలో ఒక ఆడమనిషి కూర్చోవడం ఆ కొండ మీద ఎవరూ ఎప్పుడూ చూడలేదు. కూర్చోకూడదని అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

"చెప్పండి ఫాదర్‌గారూ" అంది. "మీరు మొత్తం చెప్పేదాకా నేనేం మాట్లాడను."

రెక్టరు నోరు తెరిచారు. అప్పుడే గంట మోగింది.

ఒక్కరూ లేవలేదు.